తట్ట తీసిన తర్వాతి తూకం

అయిదింటికి పరీక్ష ముగియడానికి ఇంకా గంట ఉంది, ఫోనేమో గౌరీశంకర్ గారి గదిలో బిస్కెట్ల అట్టపెట్టెలో మిగతా లెక్చరర్ల ఫోన్ల మధ్య బోర్లా పడి ఉంది, అందులో ఈపాటికి ఎన్ని పచ్చగా వెలిగాయో ఎన్ని ఎర్రబడ్డాయో ఝాన్సీకి తెలిసే దారి లేదు, పరీక్ష హాల్లోకి ఇన్విజిలేటర్లు ఫోన్లు తీసుకుపోకూడదన్న రూలును ఈ చోడవరంలో ఎవరైనా అక్షరాలా పాటించారంటే అది గౌరీశంకర్ గారు చీఫ్‌గా ఉన్న ఏడే, సరిగ్గా ఆ ఏడే ఆమె బతుక్కి ఇలాంటి రోజు రావాలా, వచ్చింది, ఏం చేస్తుంది, బెంచీల మధ్య అటొకసారి ఇటొకసారి తిరుగుతోంది, బీకాం పిల్లలు తలలు వంచి ఇన్‌కమ్ టాక్స్ రాసుకుంటున్నారు, ఫ్యాను కిర్రుమంటోంది, కిటికీ అవతల గోవాడ వైపు పోయే చెరకు లారీ ఒకటి గేరు మార్చలేక మూలుగుతోంది, హాలంతా ఎంత నెమ్మదిగా ఉందో ఆమె గుండె అంత గోల చేస్తోంది, ముందు బెంచీ పిల్లకు వినబడుతుందేమో అన్నంత గోల. రిజల్టు కోసం ఇంత ఆత్రపడటం పదో తరగతి తర్వాత ఇదే. అప్పుడు కూడా ఇంత లేదు, అప్పుడు ఫస్టు క్లాసు వస్తుందని ముందే తెలుసు.

ఇప్పుడు తెలియదు. ఇప్పుడు పరీక్ష రాస్తున్నది ఆమె కాదు, ఆమె రాసిన ‘తూకం’ అనే ప్రోగ్రాం, చిన్నది, ఎలక్ట్రానిక్ కాటాకు తీగ తగిలించి కంప్యూటర్‌కు కలిపితే కాటా మీది బరువు చదివి రాసిపెడుతుంది, అంతే దాని పని, పరదేశి మావయ్య బెల్లం షెడ్డు కోసం సరదాగా మొదలుపెట్టింది, సరదా కాస్తా ముదిరి లినక్స్ ప్యాకేజీ అయి కూర్చుంది. ఆ లినక్స్ లోకంలో ఎక్కడెక్కడి మనుషులో ఉంటారు, ఎవరికీ జీతం లేదు, పట్టుదల మాత్రం కావలసినంత, రెండేళ్ళకోసారి ‘స్టేబుల్’ అని ఒక విడుదల చేస్తారు, అందులోకి ఎక్కిన ప్యాకేజీని ఎవరైనా ఒక్క మాట కొట్టి కంప్యూటర్లో పెట్టుకోవచ్చు, నమ్మకంగా వాడుకోవచ్చు, ఎక్కనిది ఉన్నా లేనట్టే. ఈ సాయంత్రం ఆరింటికి దానికి గడువు, ఆలోగా పంపితే చాలు, రిజల్టు ఆ తర్వాత వచ్చినా లెక్కే. ఎక్కాలంటే ఒకటే షరతు, లోకంలో ఉన్న రకరకాల ప్రాసెసర్ల మీద ప్రోగ్రాం ఒకేలా నడవాలి, వాళ్ళ దగ్గర ఒక్కో జాతి యంత్రం ఒక్కో మూల ఉంటుంది, అన్నింటికీ ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు, ఇదిగో ఈ పిల్లలకు ఇచ్చినట్టే, అన్నీ ఒకే జవాబు రాస్తే పచ్చ, ఒక్కటి తప్పినా ఎరుపు, ఎరుపైతే బండి తప్పినట్టే, మళ్ళీ రెండేళ్ళు. లాప్‌టాప్ జాతి చకచకా రాసి ముందే పేపరు ఇచ్చేస్తుంది, ఫోన్లలో ఉండే ఆర్మ్ జాతి తక్కువ తిని ఎక్కువ పని చేస్తుంది, రిస్క్-ఫైవ్ అని కొత్తగా చేరిన పిల్లవాడు నిదానం మనిషి, చివరి గంట కొట్టేదాకా రాస్తూనే ఉంటాడు, ఇక బ్యాంకుల్లో ఉండే పెద్ద యంత్రం, ఝాన్సీ దాన్ని పెద్దాయన అంటుంది, వచ్చిన చిక్కంతా ఆ పెద్దాయనతోనే. కాటా బరువును రెండు ముక్కలు చేసి పంపుతుంది, చిన్నముక్క ముందు, పెద్దముక్క వెనక, మిగతా అందరూ అలాగే చదువుకుంటారు, పెద్దాయన మాత్రం ఏది ముందొస్తే అదే పెద్దముక్క అంటాడు, మావయ్య షెడ్డులో పన్నెండు కిలోలు తూగిన బెల్లం ఆయన దగ్గర మూడు టన్నులైంది. రెండుసార్లు పంపింది, రెండుసార్లూ ఎరుపే. ఈవేళ పొద్దున స్టవ్ మీద పాలు పొంగుతుంటే తట్టింది, రెండు ముక్కల్నీ ఒకేసారి మింగెయ్యమని ఎందుకు చెప్పడం, విడివిడిగా తీసుకుని మనమే కలుపుకుంటే పోలా అని, పాలు పోతే పోయాయి, నిలబడి రాసేసింది, పంపేసింది, తడి చేత్తోనే స్కూటీ ఎక్కి పరీక్షకు వచ్చేసింది. ఆ వంటగట్టు ఇంకా తుడవలేదు.

“మేడం, అడిషనల్,” అన్నాడు మూడో వరసలో ఉమామహేష్ చెయ్యెత్తి, ఇచ్చింది, ఏం రాస్తున్నాడో ఏమో ఇది నాలుగోసారి అడగడం, క్లాసులో నోరు విప్పనివాడు, బహుశా ఇంట్లో ఎద్దుల గురించి కూడా రాసేస్తున్నాడు, నవ్వొచ్చింది, ఈవేళ ఆమెకు అన్నిటికీ నవ్వే వస్తోంది. సాజిదా ఏం చేస్తూ ఉంటుందో, అనకాపల్లిలో తన రిపేరు షాపులో ఎవరిదో మిక్సీ విప్పుకుని పక్కన ఫోనులో ఆ రిజల్టుల పేజీ తెరిచిపెట్టుకునే ఉంటుంది, అది అందరికీ కనబడే పేజీ, సాజిదాకూ కనబడుతుంది, తనకు తప్ప లోకమంతటికీ కనబడుతుంది. ఎమ్మెస్సీలో పక్కపక్క బెంచీలు, అప్పటినుంచీ దానిది ఒకటే ధ్యాస, పెద్ద పెద్ద కంప్యూటర్లు లేకుండా అరచేతిలో పట్టే ఆర్మ్ బోర్డులతో పనులు చేయించాలని, దేవరాపల్లిలో రోలుగుంటలో ఆడవాళ్ళ సంఘాలు నడిపే బెల్లం షెడ్లు ఉన్నాయి, కాటా దగ్గర ఒకరు అరుస్తుంటే ఇంకొకరు రాసుకుంటారు, సాయంత్రానికి ఒకరి అరుపుకీ ఒకరి రాతకీ పొంతన కుదరక సిగపట్లు, వాటన్నిటికీ తలా ఒక బోర్డు, దాంట్లో తూకం, ఇదీ దాని కోరిక. అయితే ఆవిడగారు ఊరికే కొనదు. “స్టేబుల్లోకొస్తేనే కొంటానే,” అంది, “రేపు నువ్వు జొరమొచ్చి ఫోనెత్తలేదనుకో, షెడ్లోళ్ళు ఎవల పీక పట్టుకుంటారు, నాదే కదా.” న్యాయమే. అక్కడి ఆడవాళ్ళకు ఝాన్సీ ఎవరో తెలియదు, సాజిదా ముఖం తెలుసు, ఆ ముఖం మీదే అంతా ఆధారపడి ఉంది. అందుకే ఈ గంట ఇంత బరువుగా ఉంది.

బరువంటే ఈ అడిషనల్ షీట్ల కట్ట కూడా తక్కువ లేదు, ఎడం చెయ్యి లాగేస్తోంది, మార్చుకుంది, మావయ్య అయితే చేత్తో ఎత్తి ఇంత ఉంటుందని చెప్పేస్తాడు, చెప్పి కాటా మీద పెట్టి మరీ చూపించి మీసం సవరించుకుంటాడు, ఆ షెడ్డు వాసన, పొయ్యిలో చెరకు పిప్పి మంట, పెనంలో కుతకుతలాడే రసం, అచ్చుల్లోంచి తీసిన బెల్లం తట్టలకెత్తే పెద్దమ్మలు, చిన్నప్పుడు సెలవులొస్తే ఆమె కాటా దగ్గరే కూర్చునేది, ఎర్ర అంకెలు కదులుతుంటే అదొక సినిమా. మావయ్యకు ఒక పద్ధతి ఉంది, ముందు ఖాళీ తట్ట కాటా మీద పెడతాడు, సున్నా బటన్ నొక్కుతాడు, తట్ట బరువు పోయిందన్నమాట, అప్పుడు బెల్లం పోస్తారు, వచ్చిన అంకె బెల్లానిదే, అరుస్తాడు, రాసుకుంటారు, తట్ట ఎత్తి పక్కన పెడతారు, వెంటనే ఇంకో తట్ట. ఆ రెండు తట్టల మధ్య ఖాళీ కాటా మీద ఒక అడ్డగీత, దాని పక్కన ఒకటీ పాయింట్ రెండు.

“మావయ్యా, ఈ గీత ఏటి?”

“అది తట్ట మైనస్సమ్మా. తట్ట తీసేస్తే అలాగే వస్తాది. దాన్నెవలూ సూడరు.”

ఎవరూ చూడరు. నిజమే, ఆ షెడ్డులో ఇరవై ఏళ్ళుగా ఎవరూ చూడలేదు, అరుపులో లేదు, రాతలో లేదు, ఉందని కూడా అనుకోరు, ఆ తర్వాత ఆమె కూడా చూడలేదు, రెండు నెలల కిందట పరీక్షకు పెట్టడానికి అసలైన తూకాలు కావాలని లాప్‌టాప్ పట్టుకుని అదే షెడ్డుకు వెళ్ళింది కదా, మావయ్య మేనకోడలి ముందు ఎక్కడలేని హుషారుతో తట్ట మీద తట్ట తూచి పడేశాడు, కాటా పలికిన ప్రతి పలుకూ రికార్డు చేసుకుంది, ఇంటికొచ్చి ఆ రికార్డును బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరింది, మధ్యలో వచ్చే మైనస్ వరసలన్నీ తీసేసింది, చెత్త కదా, ఎవరూ చూడరు కదా, శుభ్రమైన ప్రశ్నపత్రం తయారైంది, అన్నీ చక్కటి నిండు తూకాలు, మైనస్ అన్నదే లేకుండా.

మైనస్ అన్నదే లేకుండా. ఝాన్సీ నడక ఆగిపోయింది. ఉమామహేష్ తనవైపే వచ్చిందనుకుని జవాబు పత్రం మీద మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఆమె వాడిని చూడటం లేదు, పొద్దున పాల గిన్నె ముందు నిలబడి రాసిన వరసను చూస్తోంది, పెద్దముక్కను విడిగా తీసుకుంది సరే, దేంట్లో దాచింది, చార్‌లో, మామూలు చార్‌లో, అలవాటుగా వేలు అదే కొట్టింది, అయ్యబాబోయ్, చార్ అంటే ఒక అక్షరం పట్టే చిన్న గూడు, ఆ గూట్లో మైనస్ పెట్టొచ్చా లేదా అని మనం చెప్పకపోతే ఎవరి అలవాటు వాళ్ళది, లాప్‌టాప్ జాతి పెట్టొచ్చనుకుంటుంది, ఆర్మ్ జాతి మైనస్ అనేదే లేదనుకుంటుంది, పెద్దాయనా అంతే, రిస్క్-ఫైవ్ కుర్రాడూ అంతే. పెద్దముక్కలోని మైనస్ ఒకటి వెళ్ళి రెండువందల యాభై అయిదు అయి కూర్చుంటుంది. అంటే తట్ట తీసిన ప్రతిసారీ. అంటే నిన్నటిదాకా ఒక్క పెద్దాయన దగ్గరే తప్పు, ఈ పొద్దుటి నుంచి లాప్‌టాప్ జాతి ఒక్కటి తప్ప అందరి దగ్గరా తప్పు, కానీ ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్నే లేదు, కాబట్టి అందరికీ ఫస్టు క్లాసే! ఒంట్లో జివ్వుమంది. భయం కాదది, సిగ్గు కూడా కాదు, ఆ రెండూ తర్వాత వచ్చాయి, ముందు వచ్చింది మాత్రం పట్టేశాను అనే సంబరం, ఇంట్లో దూరిన దొంగ జుట్టు చేతికి చిక్కినట్టు, గట్టిగా కేక వెయ్యాలని ఉంది, చుట్టూ చూస్తే ఇన్‌కమ్ టాక్స్.

ఎంత వస్తుంది, ఖాళీ కాటా మీద ఎంత వస్తుంది, లెక్క కట్టాలి, కాగితం లేదు, ఉన్న కాగితాలన్నీ యూనివర్సిటీవి, ఒక్కటి తగ్గినా గౌరీశంకర్ గారు ఊరుకోరు, పెన్ను తీసి ఎడం అరచేతిలో రాసుకోవడం మొదలుపెట్టింది, రెండువందల యాభై అయిదు ఇంటూ రెండువందల యాభై ఆరు, ప్లస్ రెండువందల నలభై నాలుగు, ముందు బెంచీ పిల్ల తలెత్తి చూసింది, మేడం అరచేతిలో రాసుకుంటోంది, పక్కదాన్ని పొడిచింది, అది ఇంకొకదాన్ని, వరస వరసంతా కిచకిచ, సరిగ్గా అప్పుడే గుమ్మంలో గౌరీశంకర్ గారు, చేతులు వెనక్కి కట్టుకుని.

“ఏటమ్మా అది?” అన్నారాయన గొంతు బాగా తగ్గించి. “ఇన్విజిలేటరే సేతిమీద రాసుకుంటే పిల్లలకి ఏటి సెప్పమంటారు?”

“లెక్కండి సార్. బెల్లం తూకం.”

“పరీక్ష హాల్లోనా?”

“మర్చిపోతానని సార్.”

ఆయన ఆ అరచేతిని చూశారు, ఆమె ముఖం చూశారు, ఇంత వెలుగుతున్న ముఖంతో ఎవరూ కాపీ కొట్టరని అనుకున్నారో ఏమో, “కడుక్కోండి,” అని వెళ్ళిపోయారు. కడుక్కోలేదు. గుప్పిట మూసుకుంది. కాటా వంద గ్రాములను ఒకటిగా లెక్కిస్తుంది, అంటే గుప్పిట్లో ఆరువేల అయిదువందల యాభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, ఆరున్నర టన్నుల బెల్లం, తట్ట తీసేసిన ఖాళీ కాటా మీద, మావయ్య వింటే మీసం ఊడిపోతుంది.

ఇప్పుడేం చెయ్యాలి. అక్కడ ఈపాటికి అన్నీ పచ్చబడుతూ ఉంటాయి, ఒక్కొక్కటే, పెద్దాయన కూడా, ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే చాలు, ఆరు దాటితే తూకం స్టేబుల్లో ఉంటుంది, ఆమె పేరు దాని పక్కన ఉంటుంది, చోడవరం నుంచి మొదటి పేరు, ఎవరికి తెలుస్తుంది, లాప్‌టాప్ మీద చూసినవాడికి అంతా సవ్యంగానే ఉంటుంది, తర్వాత మెల్లగా సరిచేసుకోవచ్చు, లేదు, విడుదలయ్యాక స్టేబుల్‌ను కదపడానికి వాళ్ళు ఒక పట్టాన ఒప్పుకోరు, స్టేబుల్ అంటేనే కదపనిది అని కదా. ఇప్పుడే కొత్తది పంపితే పచ్చవన్నీ చెరిగిపోతాయి, అన్ని యంత్రాలూ మళ్ళీ మొదటినుంచి పరీక్ష రాయాలి, ఒక్కటి తప్పినా ఉన్నది కూడా పోతుంది, ఈ కంగారులో ఇంకేదో కొట్టి ఇంకేదో చెడగొట్టదని ఏమిటి నమ్మకం, పొద్దున చేసింది అదేగా. కానీ రోలుగుంట షెడ్డులో సాజిదా బోర్డు. మొదటి తట్ట ఎత్తగానే ఆరున్నర టన్నులు. ఆ ఆడవాళ్ళు బోర్డు వైపు చూడరు, సాజిదా ముఖం వైపు చూస్తారు. గడియారం ముల్లు కదలడం మానేసిందా ఏమిటి, వీళ్ళంతా ఇంకా రాస్తున్నారేమిటి, ఇంత ఏముంది ఇన్‌కమ్ టాక్స్‌లో, రాయండి నాయనా, రాసింది చాలు ఇక ఆపండి నాయనా, ఈ బెంచీలన్నీ దాటుకుని ఒక్క గెంతులో కంప్యూటర్ ల్యాబ్‌లో పడాలని ఉంది, కాళ్ళల్లో చీమలు పాకుతున్నట్టుంది, పాతికేళ్ళ పిల్లలా, కాదు పదేళ్ళ పిల్లలా. గంట కొట్టారు. ఆ గంట అంత తియ్యగా ఆమెకు ఎన్నడూ వినబడలేదు.

దారాలు, నంబర్లు, సంతకాలు, కట్టలు, గౌరీశంకర్ గారు ఒక్కో పేపరూ తిప్పి చూసేదాకా ఒంటికాలి మీద నిలబడింది, ఫోన్ చేతికొచ్చింది, పేజీ తెరిచింది, పచ్చ. అన్నీ పచ్చ. పెద్దాయన పచ్చ! అంత తెలిసీ ఒక్క క్షణం చూస్తూ నిలబడిపోయింది, రెండు నెలల పాటు ఈ పేజీ ఇలా కనబడాలనే కదా కలవరించింది, ఎంత బాగుందో, అలా ఉంచెయ్యాలనిపించేంత బాగుంది. సాజిదా నుంచి రెండు మిస్డ్ కాల్స్, తర్వాత చేద్దాం, ల్యాబ్‌లోకి పరుగెత్తింది, నిజంగానే పరుగెత్తింది, చీర కుచ్చిళ్ళు పట్టుకుని. లాప్‌టాప్ తెరిచి పాత రికార్డులోంచి ఏరి పారేసిన మైనస్ వరసలు మళ్ళీ ప్రశ్నపత్రంలో కలిపింది, లాప్‌టాప్ మీద నడిపింది, తట్ట తీసిన చోట బుద్ధిగా మైనస్ ఒకటీ పాయింట్ రెండు, అదే ఫోనులోకి ఎక్కించింది, ఫోన్ కూడా ఆర్మ్ జాతే కదా, అందులో రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే చిన్న కంపైలర్ ఎప్పటినుంచో పెట్టుకునే ఉంది, నడిపింది, ఎర్రగా వచ్చింది, 6552.4. అరచేతిలోనూ అదే, ఫోనులోనూ అదే! ఖాళీ ల్యాబ్‌లో ఒక్కతే చప్పట్లు కొట్టింది, ఎరుపును చూసి ఇంత సంబరపడ్డ మనిషిని ఆ గోడలు ఎరగవు. సరిచెయ్యడానికి ఎంతసేపు, ఒక్క మాట, చార్ ముందు సైన్డ్ అని, మైనస్ ఉండొచ్చని చెప్పడం, అంతే, మళ్ళీ నడిపింది, ఫోన్ పచ్చ, లాప్‌టాప్ పచ్చ, ఆ ఒక్క మాటనూ పైనుంచి కిందికి కిందినుంచి పైకి చదివింది, వేలు పంపు బటన్ మీద నిలబడింది. ఆ పేజీలో పచ్చవన్నీ ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ఒరే నాయనా, మీరు అబద్ధం పచ్చలు, వెళ్ళిపోండి అనుకుని నొక్కేసింది. అన్నీ ఒక్కసారి బూడిదరంగులోకి తిరిగాయి.

ఆ తర్వాత మెట్ల మీద కూర్చుంది, ఆరు దాటింది, ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు, కాలేజీ ఖాళీ అయిపోయింది, గౌరీశంకర్ గారు తాళాలు పట్టుకుని వచ్చి, “ఇంకా ఎల్లలేదేటమ్మా?” అని అడిగి, “రిజల్టు రావాలి సార్,” అంటే, “ఎవలిది?” అని మళ్ళీ అడిగి, ఆమె ఫోన్ తెర చూపిస్తే తానూ రెండు మెట్లు కింద కూర్చున్నారు. లాప్‌టాప్ జాతి వచ్చింది, పచ్చ, అది ఎప్పుడూ వస్తుంది. చాలాసేపు ఏమీ లేదు. ఆర్మ్ పచ్చ! “వచ్చింది సార్,” అంది, “అయితే పదండి,” అన్నారాయన లేవబోతూ, “ఇంకా ఉన్నాయి సార్,” అంది, ఆయన మళ్ళీ కూర్చున్నారు. వీధి లైట్లు వెలిగాయి, ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి, నిదానం మనిషి రిస్క్-ఫైవ్ కూడా వచ్చేశాడు, పెద్దాయన ఒక్కడే మిగిలాడు, ఆయన సంగతి తెలుసు కదా, తెరను లాగి వదిలింది, లాగి వదిలింది, లాగి వదిలితే పచ్చ. ఈసారి కేక వేసేసింది. గౌరీశంకర్ గారి చేతిలో తాళాలు జారిపడ్డాయి.

వెంటనే సాజిదాకు చేసింది, అటు ఎత్తీ ఎత్తగానే, “వచ్చేసిందే సాజిదా, స్టేబుల్లోకి వచ్చేసింది, బోర్డులు కొనేయ్!” అంది.

“నీకిప్పుడు తెలిసిందేటే?” అంది సాజిదా నవ్వుతూ. “నాలుగున్నరకే పేజీలో అన్నీ పచ్చగా కనబడిపోయేయి కదా, అప్పుడే బుక్ చేసేసేను. నీకు సెబుదామని రెండుసార్లు సేసేను, ఎత్తవేటి. దేవరాపల్లి ఆళ్ళకి, రోలుగుంట ఆళ్ళకీ కూడా సెప్పేసేను.”

నాలుగున్నరకు. గుప్పిట్లో ఆరున్నర టన్నులు పట్టుకుని, ఊరుకుందామా వద్దా అని తాను బెంచీల మధ్య తిరుగుతున్నప్పుడు. ఝాన్సీ లేవబోయి మళ్ళీ మెట్టు మీద కూలబడింది, నవ్వొస్తోంది, దాంతోపాటు ఏడుపూ వస్తోంది.

“ఏటే, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?” అంది సాజిదా.

“ఏం లేదే,” అంది ఝాన్సీ కళ్ళు తుడుచుకుని. “మంచి పని సేసేవు.”